ఉత్తరపు కట్ట

వాచ్‌మన్ నేరం ఒప్పుకుంటూ సంతకం పెడతానన్నాడని తెలిసేసరికి ఉదయం పదీ నలభై అయింది. కబురు విన్న ఇన్‌స్పెక్టర్‌కు కోపం రాలేదు. కోప్పడటానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా. ఆయనకున్న ఓపిక మంగళవారం సాయంత్రంతోనే సరి. ఇవాళ శుక్రవారం. ఈ మూడు రోజుల్లో ఆయన పడుకున్నదంతా కలిపినా ఒక్క మంచి రాత్రికి చాలదు. స్టేషన్‌లో అందరూ ఆయన్ని వెనకాల ‘నిదానం’ అంటారు. మొహం మీదే అన్నా ఆయన ఏమీ అనుకోడు, అనుకోవడానికి ఆయనకు కొంత టైమ్ పడుతుంది.

కేసు చెప్పుకుంటే నాలుగు ముక్కలు. ఊరి చివర ఎనిమిది వందల ఏళ్ల నాటి కోట ఒకటుంది. కోట అనగానే గోడలు, బురుజులు అనుకునేరు. రాయి అన్నదాన్ని ఎవరికి తోచినంత వాళ్లు ఏనాడో పట్టుకుపోయి ఇళ్లు కట్టుకున్నారు. మిగిలింది మట్టి. మధ్యలో గడ్డి మొలిచిన పెద్ద దిబ్బ, దాని చుట్టూ సగం పూడిపోయిన అగడ్త, అగడ్తకు అవతల గట్టులా పోసిన కట్ట. ఆ మట్టినైనా కాపాడదామని ప్రభుత్వానికి ఇన్నాళ్లకు బుద్ధి పుట్టి, కొలిచి కొత్త మ్యాపు తయారుచేయమని ఒక సర్వేయర్ని పంపింది. మంగళవారం సాయంత్రం ఆరూ నలభై ఐదుకు ఆ సర్వేయర్ ఉత్తరం వైపు అగడ్తలో తల వెనక పగిలి, శవమై కనిపించాడు. చూసి కేకలు పెట్టింది వాచ్‌మనే. ఇప్పుడు లోపల కూర్చున్నదీ వాచ్‌మనే.

అరెస్టు చేసింది నిదానం కాదు. పైనుంచి దిగిన స్పెషల్ టీమ్ ఇన్‌స్పెక్టర్. వయసులో పదిహేనేళ్లు చిన్న, హోదాలో సమానం. ఎంత ఎండలోనూ మడత నలగని చొక్కాల పుణ్యమా అని అతనికి ‘ఇస్త్రీ’ అని పేరు పడింది. సాయంత్రం నాలుగింటికి వాచ్‌మన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెడతాడు. కాగితం మీద సంతకమంటూ పడితే ఈ కేసును మళ్లీ తిరగేసి చూసే నాథుడుండడు. వాచ్‌మన్ జీవితం లోపలే తెల్లారిపోతుంది.

నిదానం లోపలికి వెళ్లి, కుర్చీ లాక్కుని, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. వాచ్‌మన్ ఎడమ బుగ్గ ఇంకా వాచే ఉంది. అది పోలీసుల పని కాదు. మంగళవారం మధ్యాహ్నం పన్ను పీకించుకున్నాడు. రెండున్నరకు క్లినిక్‌లో పేరు రాయించుకుని, నాలుగూ పావుకు బయటపడి, నాలుగూ నలభై ఐదుకు కోట గేటు దగ్గర కూర్చున్నాడు. అంతవరకూ రసీదులున్నాయి, సాక్షులున్నారు.

“సంతకం ఎందుకు పెడతానన్నావు?”

“పెడితే పడుకోనిస్తామన్నారు సార్.”

నిదానం కళ్లు నులుముకున్నాడు. ఆయన పరిస్థితీ ఇంచుమించు అదే.

తర్వాత ఆదివారం జరిగిన గొడవ గురించి అడిగాడు. సర్వేయర్ ఆ రోజు వాచ్‌మన్ మీద అరవడం రోడ్డు మీద పోయేవాళ్లు కూడా విన్నారు. కట్ట మీద మేకల్ని మేపుతున్నందుకు అరిచాడని వాచ్‌మన్ మూడు రోజులుగా ఒకటే పాట పాడుతున్నాడు. నిదానం అదే ప్రశ్న రెండోసారి అడిగాడు. మూడోసారీ అడిగాడు. గొంతు పెంచలేదు. సమాధానం వచ్చేదాకా కదలనన్నట్టు కూర్చున్నాడు. వాచ్‌మన్ ఇక దాచలేక బయటపడ్డాడు.

వానాకాలంలో అతని కూతురు పురుడు కష్టమైంది. సెలవు చీటీ కూడా రాయకుండా తొమ్మిది రోజులు వెళ్లిపోయాడు. తిరిగొచ్చి చూస్తే ఉత్తరపు కట్ట లేదు. ముప్పై గజాల పొడవున ఎవరో తవ్వి ఎత్తుకుపోయారు, లారీల చక్రాల గాడులు మాత్రం మిగిలాయి. ఆ గాడులు తనే పూడ్చాడు. అటువైపంతా ముళ్లపొదలు, ఎవరూ వెళ్లరు కాబట్టి నెలల తరబడి సంగతి బయటికి పొక్కలేదు. ఆదివారం సర్వేయర్ చూశాడు. కట్ట ఏదిరా అని నిలదీశాడు. వాచ్‌మన్ కాళ్లావేళ్లా పడ్డాడు. అదీ గొడవ.

“ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదయ్యా?”

“చెబితే ఉద్యోగం ఊడుతుంది కదా సార్.”

హత్య కేసులో ఇరుక్కున్నవాడు ఉద్యోగం కోసం భయపడుతున్నాడు. నిదానానికి నవ్వూ రాలేదు, జాలీ పైకి రాలేదు. సంతకం పెట్టాలనిపిస్తే మూడింటిదాకా ఆగమని మాత్రం చెప్పి లేచాడు.

ఇస్త్రీ పక్క గదిలో టీ తాగుతున్నాడు. అతని ముందు బల్ల మీద సర్వేయర్ లెవెల్ పుస్తకం ఉంది. కేసు మొత్తం ఆ పుస్తకం మీదే నిలబడింది. లెవెల్ పని అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒకడు ముక్కాలి స్టాండు మీది దుర్భిణిలోంచి చూస్తాడు, రెండోవాడు కొలకర్ర నిలబెట్టుకుని ఒక్కో చోటా నిలబడతాడు. చూసినవాడు అంకె పుస్తకంలో రాస్తాడు. ఈ సర్వేయర్‌కు స్టాండు మార్చిన ప్రతిసారీ పక్కన టైమ్ వేసే అలవాటుంది. చివరి టైమ్ ఐదూ పది. అంటే మనిషి ఐదూ పదికి బతికే ఉన్నాడు. కర్ర పట్టే బామ్మర్ది కడుపునొప్పి అని రెండున్నరకే వెళ్లిపోయాడు, మూడింటికల్లా ఇంటికొచ్చాడని అతని అక్క, అంటే సర్వేయర్ భార్యే చెప్పింది. ఇక కోటలో మిగిలింది ఒక్క వాచ్‌మన్. పుస్తకం దొరికింది బుధవారం పొద్దున తొమ్మిదింటికి, రేకుల షెడ్డులో సర్వేయర్ పెట్టెలో.

“రెండున్నర తర్వాత కర్ర ఎవరు పట్టారు?” అన్నాడు నిదానం.

“వాచ్‌మన్. నాలుగూ ముప్పావుకు వచ్చాడు, పట్టాడు. పడుతూ పాత గొడవ ఎత్తుకున్నాడు, కొట్టాడు. ఇంకేం కావాలి అన్నా?”

“ఈ పేజీలో మూడూ నలభై అని కూడా ఉంది. అప్పుడు వాడి నోట్లో పట్టకారుంది.”

ఇస్త్రీ, ఎవడో దారిన పోయేవాణ్ణి పిలిచి పట్టించి ఉంటాడన్నాడు. నిదానం వాదించలేదు. పుస్తకం చివరి పేజీ తిప్పి, కింద లెక్కను వేలితో చూపించాడు. ఆయన తండ్రి ముప్పై ఏళ్లు సర్వేలో కొలకర్ర పట్టిన మనిషి. రోజు పని ఏ గుర్తు దగ్గర మొదలైందో అక్కడికే తిరిగొచ్చి ముగుస్తుంది. మొదటి అంకెకూ చివరి అంకెకూ ఎప్పుడూ కాస్త తేడా వస్తుంది. ఎండకు గాలి ఆడుతుంది, కర్ర వంగుతుంది, మనిషి చెయ్యి వణుకుతుంది. ఈ పుస్తకంలో ఆదివారం నాలుగు మిల్లీమీటర్ల తేడా, సోమవారం ఆరు. మంగళవారం సున్నా.

“సున్నా వస్తే మంచిదే కదా. పనిమంతుడు.”

“మా నాన్న సర్వీసు మొత్తం మీద రెండే రెండు సున్నాలు చూశాడు. రెండూ నీడలో కూర్చుని రాసిన పుస్తకాలే.”

“చేతిరాత ఆయనదేనని నిపుణుడు చెప్పాడు.”

“సరే. రెండూ నలభై ఐదు తర్వాత రాసిన అంకెలన్నీ ఉత్తరపు కట్టవి. ఆరు మీటర్ల ఎత్తు కట్ట, నున్నగా లెక్కల్లో ఉంది. నేల మీద లేదు.”

“నేను అక్కడ నాలుగుసార్లు తిరిగాను. ఏదీ పోయినట్టు నాకు కనపడలేదే.”

“లేనిది కనపడదు తమ్ముడూ.”

ఇస్త్రీ తెలివి తక్కువవాడేం కాదు. వెంటనే అందుకున్నాడు. అయితే ఇంకా మంచిదే, కట్ట పోయిన సంగతి దాచడానికే వాచ్‌మన్ సర్వేయర్‌ని బెదిరించి ఈ అంకెలు వేయించి, ఆ తర్వాత చంపాడన్నాడు. ఇందులోనే ఉంది తిరకాసు, నిదానం పొద్దున్నుంచీ నములుతున్నది దాన్నే. దాచాలనుకున్నవాడు ఆ వైపు అంకెలే వేయడు. ‘ముళ్లపొదలు, కొలవడం కుదరలేదు’ అని ఒక ముక్క రాసి ఊరుకుంటాడు. సర్వే పుస్తకాల్లో పేజీకొకటి ఉంటుంది ఆ ముక్క. ఇంత శ్రద్ధగా, గజం గజానికీ కట్ట ఎత్తు వేసినవాళ్లకు ఆ కట్ట ఉందనే నమ్మకం. అంకెలు తెలిసినవాళ్లు, ఆ చేతిరాత తెలిసినవాళ్లు, నేల మాత్రం తెలియనివాళ్లు. అలాంటి మనిషి ఆయనకు ఒక్కరే గుర్తొచ్చారు. గుర్తొచ్చినందుకు ప్రాణం ఉసూరుమంది.

“మూడింటిదాకా ఆగు” అన్నాడు.

“మూడింటిదాకానే. మూడూ ఒకటికి కాగితం నా చేతిలో ఉండాలి.” ఇస్త్రీ కఫ్ గుండీ సర్దుకున్నాడు. “ఇలా నిదానంగా పోయే రోజులు పోయాయన్నా. మీకూ తెలుసు.”

నిదానానికి ఒళ్లు మండింది. మండిన సంగతి జీపెక్కాక గానీ ఆయనకు తెలియలేదు. ఈలోగా కూతురు ఫోన్ చేసి షుగర్ మాత్ర వేసుకున్నావా నాన్నా అంది. వేసుకున్నానని అబద్ధం చెప్పాడు.

సర్వేయర్ ఇంట్లో గడప దాటగానే గీత బల్ల. భార్య కూడా అదే ఆఫీసులో మ్యాపులు గీస్తుంది. భర్త పొలాల్లో తిరిగి తెచ్చిన పుస్తకాలకు లెక్కలు కట్టేది ఇరవై ఆరేళ్లుగా ఆమే, చాలాసార్లు ఇంట్లోనే, వంట మధ్యలోనే. ఇద్దరూ ఏడును ఒకేలా అడ్డగీత పెట్టి రాస్తారు. ఎదురుగోడ మీద కోట మ్యాపు పాత నకలు ఒకటి చట్రంలో ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆమె గీసిన మొదటి మ్యాపు అదేనట. కొలిచింది ఆయన. ఒక అంకె అర్థం కాక అడగడానికి వెళ్లిందట, పరిచయం అక్కడ మొదలైంది. తమ్ముడు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి అక్కనే చూస్తున్నాడు. తోడుగా ఉంటానని మంగళవారం నుంచీ ఈ ఇంట్లోనే ఉంటున్నాడు.

నిదానం మంచినీళ్లు తాగి, ఆ దిబ్బ ఎప్పుడైనా ఎక్కారా అని అడిగాడు. లేదంది. గీసేవాళ్లకు నేల పడదు అని ఆయన ఏడిపించేవారంది. మంగళవారం రాత్రి ఏడున్నరకు తమ్ముడితో వెళ్లినప్పుడు కూడా షెడ్డు దగ్గరే, ఆయన పెట్టె పక్కన కూర్చుండిపోయింది. తర్వాత ఆమె తలెత్తకుండా ఒక మాట అడిగింది.

“ఆ వాచ్‌మన్ భార్య ఎలా ఉందండీ?”

మూడు రోజులుగా స్టేషన్లోనే ఉందని, తిండి తినడం లేదని నిదానం ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె పమిట కొంగు వేలికి చుట్టుకుంది. పుస్తకంలో ఆయన రాత అర్థం కావడం లేదు, కోట దగ్గరికొచ్చి చదివిపెట్టాలి అని అడిగాడు. కర్ర పట్టడానికి తమ్ముణ్ణి కూడా రమ్మన్నాడు. అక్కకు ఒంట్లో బాగాలేదని తమ్ముడు అడ్డుపడబోయాడు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

కోట చేరేసరికి రెండూ పది. ఎండ తీవ్రంగా ఉంది. దిబ్బ మీద స్టాండు నిలబెట్టేసరికి నిదానం మోకాళ్లు రెండూ మొరాయించాయి. తండ్రి దగ్గర చూసి నేర్చుకున్న పని ఇన్నేళ్లకు పనికొస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆమె మ్యాపు పరిచి, పుస్తకం తెరిచి, దిక్కులు సరిచూసుకుంది. మొదటి నలభై చోట్లూ నేలకూ పుస్తకానికీ అతికినట్టు సరిపోయాయి. తమ్ముడు మాట్లాడకుండా చెప్పినచోటల్లా కర్ర నిలబెట్టాడు. ఒక్కో అంకె చదువుతుంటే ఆమె మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది. ఇన్నేళ్లుగా కాగితం మీద గీసిన వంపులు కాలి కింద తగులుతున్నాయి మరి.

“నలభై ఒకటి ఎక్కడమ్మా?” అన్నాడు నిదానం.

“ఉత్తరపు కట్ట మొదలు. ఆ పొదలు దాటగానే ఉండాలి.”

“అటు వద్దక్కా. అన్నీ ముళ్లు. పాములుంటాయి.” కోటకు వచ్చాక తమ్ముడు మొదటిసారి నోరు విప్పాడు.

ఆమె ఆగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పొదల మధ్యగా నడిచింది. వెనక నిదానం, ఆయన వెనక కర్రతో తమ్ముడు. పొదల అవతల మోకాలెత్తు గడ్డి, అందులోంచి చదునుగా నేల, ఆ నేల అంచున నెమ్మదిగా కిందికి జారే పూడిపోయిన అగడ్త. పసిపిల్లలు దొర్లి ఆడుకునేంత వాలు. ఆమె ముందుకు పది అడుగులు వేసింది, వెనక్కి వచ్చింది. మ్యాపును తిప్పి పట్టుకుంది. దిబ్బ వైపు చూసి, మళ్లీ మ్యాపు చూసింది. దారి తప్పానేమోనని ఆమె అనుమానం. తను గీసినదాని మీద ఆమెకు ఇంకా నమ్మకం పోలేదు.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ ఇద్దరు కానిస్టేబుళ్లతో పొదలు తప్పించుకుంటూ వచ్చాడు. టైప్ చేయించిన కాగితం చేతిలో ఉంది. టైమ్ అయిందన్నా, ఇక ఈ తతంగం చాలిద్దాం అన్నాడు. నిదానం చెయ్యెత్తి ఆపాడు. ఆయన అలా చెయ్యెత్తడం ఇస్త్రీ ఎప్పుడూ చూడలేదు కాబోలు, ఆగిపోయాడు.

“అమ్మా, లెవెల్ పని ఒక్కరి వల్ల కాదు” అన్నాడు నిదానం. “పుస్తకంలో ఐదూ పది అని ఉంది కాబట్టి పక్కన రెండో మనిషి ఉండాల్సి వచ్చింది. ఆ మనిషి కోసం వెతికితే దొరికింది వాచ్‌మన్. వాడికి ఆ గతి పట్టించాలని మీరు రాయలేదు. ఆ సంగతి నాకు తెలుసు.”

ఆమె ఆయన మాట విన్నట్టు లేదు. తమ్ముడి వైపే చూస్తోంది.

“కట్ట ఏదిరా?”

తమ్ముడు కొలకర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“వానల్లో నీ స్థలం మెరక చేయించావు. రమ్మంటే నేనూ వచ్చాను. ఆ మట్టి ఎక్కడిది?”

“అక్కా, ఇంటికి పద. తర్వాత మాట్లాడుకుందాం.”

“కట్ట మీంచి కాలు జారి పడ్డాడన్నావు. ఆరు మీటర్లు కదా, నిజమే అనుకున్నాను.” ఆమె గొంతు పెద్దది కాలేదు, చిన్నదవుతూ వచ్చింది. “పొద్దున మీరిద్దరూ మాటామాటా అనుకున్నారు, నువ్వే తోశావంటారని ఏడ్చావు. ఇక్కడ జారి పడటానికి ఎత్తేదిరా?”

తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేయబోయేసరికి కానిస్టేబుళ్లు రెక్కలు పట్టుకున్నారు. కొలకర్ర గడ్డిలో పడింది. పెనుగులాడలేదు. బావే ముందు చెయ్యి చేసుకున్నాడని, కట్ట సంగతి అక్కకు చెప్పి, రేపే రిపోర్టు రాస్తానని బెదిరించాడని, మేకులు కొట్టే సుత్తి చేతిలో ఉండటం వల్ల అలా జరిగిపోయిందని ఎవరూ అడక్కుండానే గొణిగాడు. ఇస్త్రీ టైప్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. జేబు నలిగింది. అతను చూసుకోలేదు.

నిదానానికి గెలిచినట్టు అనిపించలేదు. ఎక్కడైనా కాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది.

ఆమె చెప్పాల్సినవి వరసగా, ఆఫీసులో లెక్క అప్పజెప్పినట్టు చెప్పేసింది. తమ్ముడు ఇంటికొచ్చింది మూడింటికి కాదు, మూడూ యాభైకి. పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. అంతా అయిపోయింది, మనిషి పోయాడు, ఇక నేనొక్కణ్ణే నీకు మిగిలాను అన్నాడు. తమ్ముడు ఇంట్లో ఉండగా ఆయన ఇంకా కొలుస్తున్నట్టు తను పాత మ్యాపు దించి అంకెలు కట్టింది. ఆ రాత్రి ఏడున్నరకు షెడ్డులో కూర్చున్నప్పుడు పుస్తకాన్ని పెట్టెలో పెట్టింది తనే.

చెప్పడం అయ్యాక ఆమె పూడిపోయిన అగడ్త వైపు తిరిగింది. ఆయన దొరికిన చోటు ఎవరూ చూపించకుండానే ఆమెకు తెలిసిపోయింది, అక్కడ గడ్డి ఇంకా పడుకునే ఉంది. మెల్లగా అడిగింది.

“డాక్టరు ప్రాణం ఎప్పుడు పోయిందని రాశాడండీ?”

ఇస్త్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నిదానం అబద్ధం ఒకటి వెతికాడు. పొద్దున కూతురికి చెప్పినంత తేలిగ్గా అది నోటికి రాలేదు.

“రెండుకూ ఆరుకూ మధ్య అన్నాడమ్మా. అంతకంటే దగ్గరగా చెప్పలేనన్నాడు.”

ఆమె తల ఊపింది. పెదాలు కదిలాయి, లోపల ఏదో కూడిక వేసుకుంటున్నట్టుంది.

“నేను ఐదున్నరదాకా రాస్తూ కూర్చున్నాను” అంది.